‘అమ్మయ్య’ అనిపించే ప్రతిసారీ భయం బలపడుతుంది

నరసన్నపేటలో ఒక బ్యాంకు కౌంటర్ అనుకుందాం. పొదుపు సంఘం డబ్బు తీయడానికి వచ్చిన సభ్యురాలు ఫారం మీద సంతకం పెట్టాలి. వెనక క్యూ ఉంది. పెన్ను పట్టుకోగానే చెయ్యి వణకడం మొదలవుతుంది. ఆ వణుకు ఎవరైనా చూస్తారేమో అనుకునేసరికి ఇంకాస్త పెరుగుతుంది. సంతకం పాతదానితో కలవకపోతే అందరి ముందూ మళ్లీ పెట్టమంటారు. ఆమె ఫారం మడిచి సంచిలో పెట్టుకుని, తోడు వచ్చినామెతో ‘సర్వర్ పనిచెయ్యట్లేదట, రేపొద్దాం’ అని చెప్పి బయటికొచ్చేస్తుంది. మెట్లు దిగేలోపే చెయ్యి కుదుటపడుతుంది. అమ్మయ్య అనిపిస్తుంది.

భయం ఎలా పెరుగుతుందో తెలుసుకోవాలంటే కౌంటర్ దగ్గరి వణుకు కంటే ఆ మెట్ల మీద కలిగిన ఊరటను చూడాలి. మనిషి మెదడు దేనివల్ల హాయి కలిగిందో దాన్ని గుర్తుపెట్టుకుని మళ్లీ అదే చెయ్యమంటుంది. ఇక్కడ హాయి కలిగింది పారిపోవడం వల్ల. కాబట్టి రెండోసారి బ్యాంకు పేరెత్తగానే కాళ్లు వెనక్కి లాగుతాయి. మూడోసారికి బ్యాంకు దాకా వెళ్లే పనే ఉండదు, ఇంటి దగ్గరే ఏదో ఒక సాకు దొరుకుతుంది. 1940ల్లో అమెరికన్ మనస్తత్వవేత్త ఓ. హోబర్ట్ మౌరర్ దీన్ని రెండు మెట్లుగా వివరించాడు. ముందు ఒక చోటుకో పనికో భయం అంటుకుంటుంది. తర్వాత ఆ చోటు నుంచి తప్పుకున్న ప్రతిసారీ కలిగే ఉపశమనం ఆ భయాన్ని చెక్కుచెదరకుండా కాపాడుతుంది. ఆ సిద్ధాంతంలో చాలా భాగాన్ని తర్వాతి పరిశోధకులు సరిదిద్దారు కానీ, తప్పించుకోవడమే భయానికి మేత అన్న మాట మాత్రం నిలబడింది.

అందుకే ఆందోళనతో బాధపడేవాళ్లని పిరికివాళ్లు అనడం అన్యాయం. వాళ్ల మెదడు నేర్చుకోవాల్సిన పద్ధతిలోనే నేర్చుకుంది. నేర్చుకున్న పాఠమే తప్పు.

శరీరంలో జరిగేది కూడా తెలియాలి, ఎందుకంటే చాలామందికి అసలు భయం ఆ శరీర లక్షణాల మీదే. ప్రమాదం ఉందనుకోగానే అడ్రినలిన్ విడుదలవుతుంది. గుండె వేగంగా కొట్టుకుంటుంది, నోరు ఎండిపోతుంది, చెమటలు పడతాయి, కడుపులో తిప్పినట్టుంటుంది. ఊపిరి గబగబా తీసుకోవడంతో రక్తంలో కార్బన్ డయాక్సైడ్ తగ్గి తల తిరుగుతుంది, వేళ్ల కొసలు తిమ్మిరెక్కుతాయి. తెలియనివాళ్లకి ఇది గుండెపోటులానే ఉంటుంది. అర్ధరాత్రి ఆటో కట్టించుకుని ఆసుపత్రికి పరుగెత్తడం, ఈసీజీ బాగుందని పంపేయడం, నాలుగు రోజుల తర్వాత మళ్లీ అదే పరుగు. మొదటిసారి ఛాతీలో నొప్పో దడో వచ్చినప్పుడు డాక్టరుకి చూపించుకోవాల్సిందే, అందులో రెండో మాట లేదు. థైరాయిడ్ ఎక్కువైనా, రక్తహీనత ఉన్నా ఇలాంటి దడ వస్తుంది కాబట్టి ఆ పరీక్షలూ అవసరమే. అవన్నీ బాగున్నాయని తేలి, డాక్టరు ఇది ఆందోళనే అని చెప్పాక కూడా వారానికో ఈసీజీ తీయించుకుంటుంటే మాత్రం ఆ ఈసీజీ కూడా తప్పించుకోవడంలో ఒక రకమే. కాగితం చేతికి రాగానే అమ్మయ్య. ఆ అమ్మయ్య మర్నాటి సాయంత్రం దాకా కూడా నిలవదు.

ఒక్కసారిగా కమ్ముకునే ఇలాంటి గాభరా సాధారణంగా పది నిమిషాల్లోపే తారస్థాయికి చేరి, తర్వాత తనంతట తానే దిగుతుంది. కానీ భయపడ్డ మనిషి సరిగ్గా తారస్థాయిలో ఉండగా అక్కడి నుంచి లేచి వచ్చేస్తాడు. దిగడం ఎన్నడూ చూడడు. ఏళ్ల తరబడి భయంతో బతికిన మనిషికి కూడా, అక్కడే ఉండిపోతే ఏం జరిగేదో తెలియకుండా పోతుంది.

ఇక్కడివరకు ఎక్కడైనా ఒకటే. శ్రీకాకుళం, విజయనగరం వైపు ఇళ్లలో దీనికి తోడయ్యే ఇంకో సంగతి ఉంది. దాని గురించి మాట్లాడేవాళ్లు తక్కువ. తప్పించుకునే పని ఒక్క మనిషే చెయ్యడు, ఇంటిల్లిపాదీ కలిసి చేస్తారు, ప్రేమతోనే చేస్తారు. ‘నువ్వుండమ్మా, నానెళ్లొస్తాన్లే’ అని అన్నయ్య బ్యాంకుకి వెళ్తాడు. ఫోను మోగితే మాట్లాడలేని తమ్ముడి ఫోను అక్క ఎత్తుతుంది. బస్సెక్కలేని తల్లిని రాజాం నుంచి శ్రీకాకుళం దాకా కొడుకు బండి మీద తీసుకొస్తాడు. పెళ్లికి వెళ్లాల్సి వస్తే ‘దానికి జనం పడదు’ అని ముందే చెప్పి భోజనం ఇంటికే పంపిస్తారు. ఉమ్మడి బతుకు అలవాటున్న ఊళ్లలో ఒకరి పని ఒకరు చెయ్యడం సహజం, మంచిది కూడా. కానీ ఈ ఒక్క విషయంలో ఆ మంచితనం ఎదురు తిరుగుతుంది. ఇంట్లోవాళ్లు తీసుకున్న ప్రతి పనీ ‘నీ వల్ల కాదు’ అన్న మాటనే ఆ మనిషి చెవిలో ఇంకోసారి చెప్పినట్టవుతుంది.

ఆడపిల్లల విషయంలో ఇది మరీ కనబడకుండా పోతుంది. నలుగురిలో నోరు విప్పలేని పిల్లని అణకువ గల పిల్ల అంటారు. క్లాసులో సెమినార్ ఉన్న రోజు కడుపునొప్పి అని ఇంట్లో ఉండిపోతే, క్యాంపస్ ఇంటర్వ్యూ ఉన్న రోజు మానేస్తే, మొహమాటం అనుకుని వదిలేస్తారు. డిగ్రీ చేతికొచ్చాక, మూడు ఉద్యోగాలు పోయాక, అప్పుడు కంగారుపడతారు. మగవాళ్లలో దీన్ని కప్పేది ఎక్కువగా మందు. నలుగురిలోకి వెళ్లేముందు ఒక పెగ్గు వేసుకుంటే మాట తడబడదని మొదలవుతుంది. కొన్నాళ్లకి పెగ్గు లేకుండా ఏ శుభకార్యానికీ వెళ్లలేని స్థితి వస్తుంది. చూసేవాళ్లకి తాగుడే జబ్బుగా కనిపిస్తుంది, కింద ఉన్న భయం ఎవరికీ తెలియదు.

ఇంట్లోవాళ్ల పాత్ర ఎంత పెద్దదో చెప్పే పరిశోధన ఒకటుంది. యేల్ విశ్వవిద్యాలయంలో ఎలీ లెబోవిట్జ్ బృందం ఆందోళన సమస్య ఉన్న పిల్లల్ని పక్కనపెట్టి, వాళ్ల తల్లిదండ్రులకి మాత్రమే శిక్షణ ఇచ్చింది. పిల్లల భయానికి తగ్గట్టు ఇల్లంతా సర్దుకోవడం ఎలా తగ్గించాలి, అదే సమయంలో పిల్లలకి ధైర్యం ఎలా చెప్పాలి, అంతే ఆ శిక్షణ. 2020లో వచ్చిన ఫలితాల ప్రకారం, పిల్లలకే నేరుగా ఇచ్చే చికిత్సతో సమానంగా ఇది పనిచేసింది. చేసి చూపించాల్సినవి రెండే: నీ బాధ నిజమేనని ఒప్పుకోవడం, నువ్వు తట్టుకోగలవని నమ్మడం. ‘నీకు గాభరాగా ఉంటాదని నాకు తెల్సు, అయినా నువ్వే ఎళ్లగలవు’ అనే మాటలో రెండూ ఉన్నాయి. ‘ఏటీ కాదు, ఊరికే భయపడకు’లో మొదటిది లేదు. ‘పోనీలే, నానెళ్తాను’లో రెండోది లేదు. మన ఇళ్లలో వినిపించేవి ఎక్కువగా ఈ చివరి రెండే.

తప్పించుకోవడం అంటే చోటు నుంచి పారిపోవడమే అనుకుంటాం గానీ, సమాచారం నుంచి పారిపోవడం కూడా అదే. శ్రీకాకుళం జిల్లా ఉద్దానం ప్రాంతంలో దీని ధర చాలా ఎక్కువ. కవిటి, సోంపేట, కంచిలి, ఇచ్ఛాపురం, పలాస, మందస, వజ్రపుకొత్తూరు మండలాల్లో కిడ్నీ జబ్బు దశాబ్దాలుగా ఉంది. ఫలానా దానివల్లే వస్తోందని ఇప్పటికీ గట్టిగా తేలలేదు. ఆ ఊళ్లలో ఒక ఇంట్లో ఒకరు డయాలసిస్ మీద ఉంటే, మిగతావాళ్లు కిడ్నీల పనితీరు చెప్పే క్రియాటినిన్ రక్తపరీక్ష అంటేనే హడలిపోతారు. రిపోర్టులో అంకె పెరిగిందని తెలిస్తే ఇక బతుకు అయిపోయినట్టే అనుకుంటారు. కాబట్టి పరీక్షకి వెళ్లరు. వెళ్లని రోజున మనసు తేలిగ్గా ఉంటుంది. ఈ జబ్బేమో తొలిదశలో నొప్పీ పుట్టించదు, వాపూ చూపించదు. లక్షణాలు బయటపడేసరికి కిడ్నీలు చాలావరకు దెబ్బతిని ఉంటాయి. ముందే తెలిస్తే బీపీని అదుపులో పెట్టుకోవచ్చు, ఒళ్లు నొప్పులకి దుకాణంలో కొనుక్కునే మాత్రలు మానేయవచ్చు, జబ్బు ముదరడాన్ని వీలైనంత ఆలస్యం చేయవచ్చు. 2023 డిసెంబరులో పలాసలో 200 పడకల కిడ్నీ ఆసుపత్రి, పరిశోధన కేంద్రం ప్రారంభమయ్యాయి. భవనం ఉన్నా, సూది గుచ్చే బల్ల దాకా మనిషిని రప్పించడం వేరే పని. అవగాహన సదస్సుల్లో జబ్బు ఎంత భయంకరమో చెప్పి పంపిస్తే భయం ఇంకా పెరిగి పరీక్ష ఇంకా వెనక్కిపోతుంది. ముందుగా తెలిస్తే ఏం చేయవచ్చో చెప్పాలి, ఇంటిల్లిపాదీ ఒకే రోజు కలిసి వెళ్లేలా చెయ్యాలి. ఇంట్లోవాళ్ల తోడు భయాన్ని కాపాడకుండా, భయపడే పని చేయించడానికి పనికొచ్చే చోటు ఇదే.

భయాలన్నీ పొరపాటు కావు. 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటింది. అప్పుడు గాలికి భయపడి పక్కా భవనంలోకి వెళ్లినవాళ్లు చేసింది సరైన పని. దాన్ని తప్పించుకోవడం అనరు, జాగ్రత్త అంటారు. వంశధార వరద మీదుండగా నది దాటనన్న మనిషికి ఏ చికిత్సా అక్కర్లేదు. కొబ్బరి, జీడి తోటలు కళ్ల ముందే నేలకొరిగిన ఊళ్లో, ఏళ్లు గడిచాక కూడా అక్టోబరులో మామూలు గాలి వీస్తే నిద్ర పట్టకపోవడం, తలుపు గడియ పదేపదే చూసుకోవడం, పిల్లల్ని బడికి పంపకపోవడం అలాంటివి కావు. తేడా పట్టుకోవడానికి ఒక ప్రశ్న సరిపోతుంది: ఇదే పరిస్థితిలో, నిన్నటి అనుభవం లేని తెలివైన మనిషి ఏం చేస్తాడు? తుపాను హెచ్చరిక ఉంటే అతనూ వెళ్లిపోతాడు. లేకపోతే పిల్లల్ని బడికి పంపిస్తాడు.

రైలు ఉదాహరణ తీసుకుంటే, భయపడి దూరమైన దానికి తిరిగి దగ్గరకావడం ఎలాగో స్పష్టంగా చూపించవచ్చు. 2023 అక్టోబరు 29 సాయంత్రం విజయనగరం జిల్లాలో కంటకాపల్లి, అలమండ మధ్య విశాఖ నుంచి వస్తున్న పలాస, రాయగడ రైళ్లు ఢీకొని 14 మంది చనిపోయారు. కూలి పనికీ ఆసుపత్రికీ కాలేజీకీ రోజూ ఆ పాసింజరు మీదే ఆధారపడ్డ జనం వాళ్లు. ఆ తర్వాత రైలెక్కలేకపోయిన మనిషిని తప్పుపట్టడానికి ఏమీ లేదు. కాకపోతే విశాఖలో పని ఉన్నవాళ్లకి రైలు లేకపోతే ఖర్చు పెరుగుతుంది, రోడ్డు మీద వెళ్తే ప్రమాదం పోయిందనీ కాదు.

భయపడే దానికి కొద్దికొద్దిగా దగ్గరకావడమనే పద్ధతికి వందేళ్లు నిండాయి. 1924లో మేరీ కవర్ జోన్స్ అనే పరిశోధకురాలు, కుందేలంటే హడలిపోయే పీటర్ అనే చిన్న పిల్లాడి గురించి రాసింది. వాడు ఇష్టంగా తింటున్నప్పుడు బోనులోని కుందేలుని రోజుకి కాస్త దగ్గరికి జరుపుతూ పోతే, చివరికి వాడు దాన్ని ముట్టుకున్నాడు. 1958లో దక్షిణాఫ్రికా వైద్యుడు జోసెఫ్ వోల్పీ దీన్ని పెద్దలకి పనికొచ్చే పద్ధతిగా మలిచి పుస్తకం రాశాడు. భయాన్ని సున్నా నుంచి నూరు దాకా అంకెల్లో కొలుచుకునే అలవాటు కూడా ఆయన నుంచే వచ్చింది.

మన మనిషి ఆమదాలవలసలో ఉన్నాడనుకుందాం. ఊరికే స్టేషనుకి వెళ్లి ప్లాట్‌ఫాం మీద కూర్చుని రెండు రైళ్లు వచ్చిపోయేదాకా ఉండటంతో మొదలుపెట్టవచ్చు. తర్వాత పాసింజరెక్కి దూసి దగ్గర దిగిపోవడం. తర్వాత పొందూరు, ఆపైన చీపురుపల్లి, విజయనగరం. అక్కడి నుంచి కోరుకొండ, అలమండ, కంటకాపల్లి మీదుగా కొత్తవలస దాకా వెళ్లే ముక్క అన్నిటికంటే ఈ మనిషికి కష్టం. ఒక మెట్టు మీద ఒక్కసారితో ఆగకూడదు. పగలు ఒకసారి, సాయంత్రం ఒకసారి, కిక్కిరిసిన పెట్టెలో ఒకసారి, ఖాళీ పెట్టెలో ఒకసారి వెళ్లాలి. దూసి దగ్గర దిగాల్సిన మనిషి గుండె దడ ఎక్కువగా ఉందని పొందూరు దాకా వెళ్లినా తప్పులేదు. దడ ఎక్కువగా ఉందని బండి కదలకముందే దిగిపోతే మాత్రం పాత పాఠమే మళ్లీ చదివినట్టు.

గతంలో భయం సగానికి తగ్గేదాకా అక్కడే ఉండాలని చెప్పేవారు. ఇప్పుడు మిషెల్ క్రాస్కే లాంటి పరిశోధకులు దృష్టిని కాస్త మార్చారు. భయం తగ్గిందా లేదా అన్నదాని కంటే, ‘ఇలా జరుగుతుంది’ అనుకున్నది జరిగిందా అన్నదే ముఖ్యమంటారు. పాత భయం చెరిగిపోదు, దాని పక్కన కొత్త అనుభవం చేరుతుంది. కొత్తది బలపడాలంటే మనసు వేసుకున్న అంచనా తప్పని తేలాలి. బ్యాంకు కౌంటరుకే వస్తే, వెళ్లేముందు ఇంట్లో ఒక కాగితం మీద రాసుకోవాలి: ‘చెయ్యి వణుకుతుంది. క్యాషియర్ నవ్వుతాడు. సంతకం కలవలేదని డబ్బు ఇవ్వడు.’ ఒక్కొక్కదానికి ఎంత నమ్మకమో నూటికి ఇంత అని పక్కన వేసుకోవాలి. వచ్చాక ఏం జరిగిందో అదే కాగితం మీద రాయాలి. చెయ్యి వణికింది నిజమే. క్యాషియర్ తలెత్తి చూడలేదు, అతని చూపు స్క్రీన్ మీదుంది. సంతకం కలవలేదన్నాడు, ఇంకోసారి పెట్టమన్నాడు, పెట్టింది, డబ్బిచ్చాడు. అనుకున్న మూడింటిలో ఒకటి జరగలేదు, ఒకటి సగం జరిగింది, జరిగినవి కూడా కొంపలు ముంచలేదు. తర్వాతి మెట్టు మీద కావాలనే ఒక ఫారం పాడుచేసి ఇంకోటి అడగడం ఉంటుంది. విడ్డూరంగా అనిపించినా, నలుగురిలో చులకనైపోతామన్న భయానికి చికిత్సలో ఇలాంటివి నిజంగానే చేయిస్తారు, బాగా పనిచేస్తాయి కూడా.

ఇక్కడ చాలామంది దెబ్బతినేది ఊతకర్రల దగ్గర. బస్సెక్కుతారు, కానీ తలుపు పక్క సీటైతేనే. రైలెక్కుతారు, కానీ చేతిలో నీళ్ల సీసా, చెవిలో ఫోను, అవతల భార్య లైన్లో ఉంటేనే. జేబులో మాత్ర ఉంటేనే విజయనగరం పైడితల్లి అమ్మవారి సిరిమాను సంబరానికి వెళ్తారు. పైడితల్లి గుడికీ కోటకీ మధ్య సిరిమాను మూడుసార్లు తిరిగే ఆ సాయంత్రం విజయనగరం వీధుల్లో అడుగు తీసి అడుగు వెయ్యడానికి ఉండదు. జనంలో గాభరా పడేవాళ్లకి అదే పెద్ద పరీక్ష. అంతటి జనంలోంచి క్షేమంగా బయటపడ్డాక కూడా మెదడు చెప్పేది ఒకటే: జేబులో మాత్ర ఉంది కాబట్టి బతికావు. ధైర్యం ఖాతాలో పడాల్సింది మాత్ర ఖాతాలో పడిపోతుంది. అందుకని మెట్లు ఎక్కడంతో పాటు ఊతాల్ని ఒక్కొక్కటే వదలడం కూడా ప్రణాళికలో ఉండాలి. తాయెత్తు విషయంలోనూ ఇంతే. నమ్మకాన్ని ఎవరూ కించపరచక్కర్లేదు, మొక్కు మొక్కుకుని పనికి బయల్దేరితే మంచిదే. తాయెత్తు మర్చిపోయానని వెనక్కి తిరిగి ఇంటికొచ్చేస్తే మాత్రం అది ఊతకర్రే.

మాత్రల గురించి విడిగా చెప్పాలి. గాభరా తగ్గించే అల్ప్రాజోలం లాంటివి అరగంటలో ఊరటనిస్తాయి, అందుకే ప్రమాదం. వారాలు, నెలలు వాడితే అలవాటు పడతాయి, ఒక్కసారిగా మానేస్తే ఆందోళన రెట్టింపవుతుంది, ఒక్కోసారి ఫిట్స్ కూడా రావచ్చు. చీటీ లేకుండా దుకాణంలో తెచ్చుకోకూడదు, ఇప్పటికే వాడుతున్నవాళ్లు సొంతంగా ఆపకూడదు. డిప్రెషన్‌కి ఇచ్చే కొన్ని మందులు ఆందోళనకి కూడా నెమ్మదిగా, అలవాటు పడకుండా పనిచేస్తాయి, వాటికి కొన్ని వారాలు పడుతుంది. తీవ్రంగా బాధపడేవాళ్లకి మందు వేసుకుంటూనే మెట్లెక్కడం నేర్పించడం మంచి దారి.

2015–16లో బెంగళూరులోని మానసిక ఆరోగ్య సంస్థ నిమ్హాన్స్ 12 రాష్ట్రాల్లో జరిపిన జాతీయ మానసిక ఆరోగ్య సర్వేలో, రకరకాల మానసిక సమస్యలున్నవాళ్లలో వైద్యం అందనివాళ్లు 70 నుంచి 92 శాతం దాకా తేలారు. ఇటువైపు మానసిక వైద్యం అనగానే విశాఖ చినవాల్తేరు ఆసుపత్రే గుర్తొస్తుంది, అక్కడికెళ్తే పిచ్చి అనే ముద్ర పడుతుందన్న జంకు కూడా వెంటే వస్తుంది. డాక్టరు దగ్గరికి వెళ్లడాన్నే తప్పించుకుంటారు. అలాంటివాళ్లకి మొదటి మెట్టు ఫోను కావచ్చు. 2022 అక్టోబరు నుంచి నడుస్తున్న ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయ ఫోను టెలీ మానస్ నంబరు 14416. ఖర్చు లేదు, రాత్రీ పగలూ తెలుగులో మాట్లాడవచ్చు. ఫోనులో మాట్లాడటమే భయమైనవాళ్లు, చెప్పాల్సిన రెండు వాక్యాలు కాగితం మీద రాసుకుని చదివినా సరిపోతుంది: ‘నేను ఫలానా పని చెయ్యలేకపోతున్నాను. ఇన్నాళ్లుగా ఉంది.’ అవతలివాళ్లు మిగతాది అడిగి తెలుసుకుంటారు. నిద్ర, తిండి పూర్తిగా దెబ్బతిన్నా, చనిపోవాలన్న ఆలోచనలు వస్తున్నా, తుపానో ప్రమాదమో కళ్ల ముందే మళ్లీ మళ్లీ జరుగుతున్నట్టు అనిపిస్తున్నా సొంత ప్రయత్నాలు పక్కనపెట్టి వెంటనే వైద్యుల్ని కలవాలి.

బాగుపడ్డవాళ్లకి కూడా భయం తిరిగి రావడం మామూలే. ఆరు నెలలు రైలెక్కని మనిషికి, జ్వరంతో నెల రోజులు ఇంట్లో ఉండిపోయిన మనిషికి, ఎక్కడో ప్రమాదం వార్త టీవీలో చూసిన మనిషికి పాత దడ ఒక్కరోజులో తిరిగొస్తుంది. మొదటికొచ్చేసిందని కుంగిపోయి మానేస్తే నిజంగానే మొదటికొస్తుంది. ఆ వారంలోనే, రెండు మెట్లు కిందికి దిగైనా సరే, దూసి దాకా అయినా సరే, రైలెక్కాలి. రెండోసారి ఎక్కేటప్పుడు మొదటిసారంత కాలం పట్టదు.